వినడం నేర్పిన ముగ్గురు గురువులు

భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఒక అవధూత ఎదురవుతాడు. ఇల్లూ వాకిలీ లేవు, చేతిలో చిల్లిగవ్వ లేదు, అయినా మొహంలో దిగులన్నదే లేదు. ఈ నిశ్చింత ఎక్కడిది స్వామీ అని రాజు అడిగితే, తనకు 24 మంది గురువులున్నారని చెప్పి భూమి, గాలి, ఆకాశం, కొండచిలువ, మిడత అంటూ ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో వివరిస్తాడు. వారిలో చెవికి సంబంధించిన పాఠం చెప్పినవారు ముగ్గురు. లేడి, వడ్లు దంచే కన్య, బాణాలు చేసే పనివాడు. ప్రవచనాల్లో ఈ కథలు విడివిడిగా వినబడుతుంటాయి. ఒకచోట చేర్చి చదువుకుంటే, ఎలా వినాలో నేర్పే విద్య మొదటి నుంచి చివరి దాకా వాటిలోనే ఉంది.

ఆ విద్య ఈ కాలంలో ఎవరికి అక్కరకొస్తుందో చూడాలంటే హెడ్‌ఫోన్ల మోజున్నవాళ్ల మధ్య కాసేపు కూర్చోవాలి. ఆ మోజు కొంత నాకూ ఉంది కాబట్టి చనువు కొద్దీ అంటున్నాను. ఆడియోఫైళ్లంటారు వీళ్లను. ఫోనుతో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్లతో తృప్తి పడరు. డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా శుభ్రంగా మార్చడానికి ఒక డాక్, బలం ఇవ్వడానికి ఒక యాంప్లిఫయర్, రకరకాల కేబుళ్లు, వాటన్నిటి చివర ఒక హెడ్‌ఫోన్. పాట వినాలన్న మంచి కోరికతోనే అందరూ మొదలుపెడతారు.

మొదటి గురువు లేడి. దాని చెవి మహా చురుకైనది, ఎండుటాకు కదిలినా పసిగడుతుంది. అంతటి చెవే దాన్ని వేటగాడి పాటకు లోబరచి వలలో పడేస్తుంది. లేడి కడుపున పుట్టిన ఋశ్యశృంగుడు కూడా ఆటపాటలకు వశమై ఆడవాళ్ల చేతిలో ఆటబొమ్మయ్యాడని అవధూత అక్కడే గుర్తుచేస్తాడు. ఇంద్రియం మొద్దుబారినవాడి కంటే సునిశితంగా ఉన్నవాడికే ప్రమాదం ఎక్కువన్నమాట.

హెడ్‌ఫోన్ కథ కూడా ఈ దారిలోనే నడిచింది. 1910లో అమెరికాలోని యూటాకు చెందిన నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. ఎక్కడో దూరాన ఉన్న ఓడ పంపే బలహీనమైన రేడియో సంకేతం చెవిన పడాలన్నదే వాటి పని. సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్ 1958లో జాన్ కాస్‌తో వచ్చింది. 1991లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ ‘ఆర్ఫియస్’ అనే జతను తెచ్చింది, మొత్తం సుమారు 300 మాత్రమే తయారుచేసింది. 2015లో దాని వారసుణ్ణి ప్రకటించినప్పుడు యాంప్లిఫయర్‌ను ఇటలీ కరారా పాలరాతిలో పొదిగారు. ధర 50,000 యూరోల ప్రాంతంలో పలికింది. వినబడని దాన్ని వినడానికి పుట్టిన వస్తువు, వినబడుతున్నదాన్నే ఇంకా బాగా వినాలన్న తపనగా మారిపోయింది.

ఈ మోజున్నవాళ్లు ‘ఎండ్‌గేమ్’ అని ఒక మాట వాడుతుంటారు. ఇదొక్కటి కొన్నానంటే ఇక చాలు, జీవితాంతం మరొకటి అక్కర్లేదని అర్థం. తమాషా ఏమిటంటే ప్రతివాడి ఎండ్‌గేమూ తర్వాతి మోడల్ బజారులోకి వచ్చేదాకానే. కొడుకు పూరుడి యవ్వనం అప్పు తీసుకుని వెయ్యేళ్లు అనుభవించిన యయాతి చివరికి తెలుసుకున్నది కూడా ఇదే. నెయ్యి పోస్తే నిప్పు చల్లారదు. ధర పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న నమ్మకానికైనా ఆధారముందా అంటే అదీ లేదు. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూసి, అవి పలికే తీరుకూ వాటి ధరకూ పొంతన లేదని 2017లో ప్రకటించాడు.

లేడి పాఠంలో ఇంకో అంశం కూడా ఉంది. దానికి ప్రాణాపాయం ఆ శబ్దంలోనే ఉంది. మనిషి లోచెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. పుట్టుకతో వచ్చినవే, పోతే మళ్లీ మొలవవు. పెద్దవాళ్లు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ మించకుండా వింటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఇంద్రియ నిగ్రహమంటే చెవులు మూసుకోవడమని భయపడనక్కర్లేదు. శబ్దం రెండు గీతలు తగ్గించుకుంటే నిగ్రహం మొదలైనట్టే, పైగా పాట ఇంకో ముప్పై ఏళ్లు వినిపిస్తుంది.

రెండో గురువు కన్య. పెద్దవాళ్లు ఇంట లేని సమయంలో పెళ్లి మాటల కోసం చుట్టాలొచ్చారు. వాళ్ల భోజనానికి చాటుగా వడ్లు దంచుతుంటే ఆ పిల్ల చేతి శంఖు గాజులు గలగలమన్నాయి. ఇంట్లో బియ్యం లేవన్న సంగతి బయటపడుతుందని సిగ్గుపడి, ఒక్కొక్కటే తీసేసి చేతికి రెండేసి ఉంచుకుంది. ఆ రెండూ ఒరుసుకుని మళ్లీ చప్పుడు. చివరికి చేతికొక్కటి మిగిల్చాకే నిశ్శబ్దంగా పని సాగింది.

ఒక ఆదివారం మిత్రుడి ఇంట్లో ఈ గాజుల చప్పుడు వినే అవకాశం దొరికింది. బల్ల మీద రెండు జతల ఇయర్‌ఫోన్లు, ఒక చిన్న డాక్. వింటున్నది ఒకే కీర్తన. పల్లవి మొదటి అర నిమిషం ఒకదానిలో వింటారు, ఆపుతారు, రెండోదానిలో అదే అర నిమిషం వింటారు. ‘దీన్లో తంబురా కాస్త వెనక్కి పోయింది కదూ?’ అంటారొకరు. ‘మృదంగం గుమ్కీ మాత్రం దీన్లోనే నిండుగా ఉంది’ అంటారు ఇంకొకరు. సాయంత్రమంతా గడిచినా అనుపల్లవి దాకా ఎవరూ వెళ్లలేదు.

పైగా ఆ పోలిక మనల్ని మోసం చేస్తుంది. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా మోగితే అదే మేలైనదనిపిస్తుంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రం, బాగా హెచ్చు స్థాయి రెండూ పలచబడతాయని బెల్ లేబొరేటరీలో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. పిసరంత శబ్దం పెంచితే ఆ పలచదనం తగ్గి పాట నిండుగా వినిపిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు రెండింటి శబ్దాన్నీ సమానం చేస్తారు. ఏది ఏదో తమకు తెలియకుండా పక్కవాళ్ల చేత మార్పించుకుంటారు. అప్పుడు చాలాసార్లు ఖరీదైనది ఏదో గుర్తుపట్టలేక నవ్వేస్తారు. బోధలు వినేటప్పుడు కూడా ఈ జాగ్రత్త మనకు కావాలి. గంభీరమైన గొంతు, పెద్ద వేదిక, వేలమంది జనం ఉంటే చెప్పిన విషయం కూడా పెద్దదే అనిపిస్తుంది. ఆ హంగులన్నీ తీసేసి, అదే మాట మన అమ్మమ్మ వంటింట్లో చెప్పినా నిలబడుతుందా అని అడిగి చూసుకోవాలి.

అలాగని పోల్చడమే తప్పు కాదు, దానికీ ఒక సమయముంది. తర్వాత వివేకానందుడైన నరేంద్రుడు రామకృష్ణ పరమహంసను పరుపు కింద నాణెం పెట్టి మరీ పరీక్షించాడని జీవిత చరిత్రలు చెబుతాయి. ఎంచుకునేముందు చేసే పోలికకు మన పెద్దలు వివేకమని పేరు పెట్టారు. ఎంచుకున్నాక కూడా ఆగకపోతే అదే చాంచల్యం. ఆ నరేంద్రుడే గురువు గతించాక ఘాజీపూర్‌లో పవహారి బాబా దగ్గర దీక్ష తీసుకుందామనుకుని, చివరికి మానుకున్నాడు. అంతటివాడికే రెండో గాజు చప్పుడు తప్పలేదు. ఈ నెల ఒక మంత్రం, వచ్చే నెల మరో స్తోత్రం అంటూ తిరిగే మనల్ని ఏమనుకోవాలి!

కొత్త హెడ్‌ఫోన్ కొన్నవాళ్లు దాన్ని గంటల తరబడి మోగించి ‘ఇప్పుడు విచ్చుకుంది’ అంటుంటారు. ఈ విచ్చుకోవడంలో వస్తువు వంతు కొద్దిగా ఉంటే, దానికి అలవాటుపడిన మెదడు వంతే ఎక్కువ. మొదటిరోజు పలచగా తోచిన ధ్వని పది రోజులు అదొక్కటే వింటే సహజంగా అనిపిస్తుంది. ఒకే ఇష్టదైవాన్ని, ఒకే నామాన్ని ఏళ్ల తరబడి పట్టుకోమనడంలో పెద్దల ఆంతర్యం కూడా ఇదే. నామం మొదటిరోజే పరిపూర్ణంగా ఉంది. కుదురుకోవడానికి సమయం కావలసింది మనసుకి.

మూడో గురువు బాణాలు చేసే పనివాడు. భేరీలు మోగుతుండగా రాజుగారు పక్క నుంచే వెళ్లినా అతనికి తెలియలేదు. అతని చెవులకేం లోటు లేదు, మనసు బాణం మొన మీద ఉంది. వినేది చెవి అనుకుంటాం కానీ, మనసు తోడు లేనిదే చెవికి భేరీ కూడా వినబడదని ఈ కథ చెబుతుంది.

ఇయర్‌ఫోన్ కొనగానే చాలామంది చేసే ఫిర్యాదు ‘బేస్ లేదు’ అని. కేబుల్ మారుస్తారు, యాంప్లిఫయర్ మారుస్తారు. చివర ఉండే సిలికాన్ టిప్ చెవికి సరిపోయిందా అని చూసుకోరు. ఒక చేత్తో చెవి డొప్పను పైకి లాగి, రెండో చేత్తో ఇయర్‌ఫోన్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి నెడితే ఎక్కడో చిన్న పట్టు దొరుకుతుంది. బయటి రొద తగ్గుతుంది. అప్పటిదాకా లేదనుకున్న మృదంగ నాదం ఒక్కసారిగా వచ్చి కూర్చుంటుంది. మంద్రస్థాయి మొదటి నుంచీ వస్తూనే ఉంది, చెవికీ టిప్‌కూ మధ్య సందులోంచి కారిపోయిందంతే. ఎన్ని సప్తాహాలు విన్నా మార్పు లేదని వాపోయేవాళ్లు వక్తను మార్చే ముందు ఇలాంటి సందు ఎక్కడైనా ఉందేమో వెతుక్కోవాలి. ఒళ్లో ఫోను, బుర్రలో రేపటి పని ఉంటే శుకుడే వచ్చి చెప్పినా కారిపోతుంది. ఆ శుకుడి నోట భాగవతం విన్న పరీక్షిత్తుకు ఉన్నవి ఏడు రోజులే. అతని దగ్గర సందు లేదు కనుక అవి సరిపోయాయి.

మనసు తోడుంటే పరికరం అడ్డు కాదనడానికి ధనుర్మాసంలో మన ఊరి గుడి మైకునే తీసుకోండి. ఆ రేకు గొట్టంలో మంద్రమూ ఉండదు, సన్నని ధ్వనీ ఉండదు, మధ్యలో గరగరలు వేరే. ఏ ఆడియోఫైలూ దాన్ని పరికరమని ఒప్పుకోడు. ఆ గొట్టంలోంచే సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత విని, ముగ్గు వేస్తూ వేస్తూ శ్లోకాలన్నీ కంఠతా పట్టినవాళ్లు తెలుగునాట లెక్కలేనంతమంది. దీన్నిబట్టి మంచి హెడ్‌ఫోన్‌ను తీసిపారేయనక్కర్లేదు. పల్లవి ఎత్తుకునే ముందు గాయని పీల్చిన ఊపిరి, వయొలిన్ కమాను దిశ మారే చోట వచ్చే చిన్న మలుపు, స్వరం ఆగాక కూడా మిగిలే తంబురా శ్రుతి, ఇవన్నీ అది చేతికందిస్తుంది. వాటిని పట్టుకోవడానికి ఊపిరి బిగబట్టి కూర్చోవడం కూడా ఏకాగ్రతే. ఆ ఏకాగ్రతను పరికరం దగ్గరే ఆపకుండా పాట దాకా తీసుకెళ్లాలి.

నవవిధ భక్తుల్లో శ్రవణానికే మొదటి స్థానం. వేదాంతంలోనూ శ్రవణం తరువాతే మననం, నిదిధ్యాసనం. మొదటి మెట్టు దగ్గర జారితే మిగతావి అందవు. రోజుకొక్క కీర్తన చాలు. చేతిలో ఉన్న పరికరంతోనే, శబ్దం తగ్గించి, మధ్యలో ఆపకుండా, చరణం పూర్తయ్యేదాకా వినండి. అయ్యాక నోటికొచ్చే మొదటి మాటను గమనించండి. ‘ఎంత బాగా పలికింది’ అంటే విన్నది హెడ్‌ఫోన్‌ను. ‘ఎంత బాగా పాడారు’ అంటే విన్నది గాయకుణ్ణి. ప్రవచనం నుంచి ఇంటికొచ్చాక కూడా ఇదే పరీక్ష. ‘ఎంత బాగా చెప్పారో’ అని పదిమందికి చెప్పడం వక్తను విన్నందుకు గుర్తు. ఆయన వద్దన్న పని ఒక్కటి మర్నాడు మానేస్తే, ఆయన చెప్పింది విన్నట్టు.