కనబడకపోతే లేనట్టేనా?

వెన్నుపూసల మధ్య డిస్కులో ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చడం వైద్యుల పని. కానీ ఆ పని లోపల ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది: ఏది చూస్తే ఉందనాలి, ఏది చూడకపోతే లేదనాలి?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో నెలల తరబడి తగ్గని నడుము నొప్పి, లోజ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందుగా వెన్నెముక క్షయను అనుమానిస్తారు. మన దేశంలో అది సబబే. గొర్రెలు, మేకలతో మెలిగేవారిలో బ్రూసెల్లోసిస్‌ను కూడా తలచుకోవాలి. చీము పట్టించే క్రిముల్లో స్టెఫిలోకాకస్ ఆరియస్‌ది పైచేయి. అసలు చిక్కు క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్‌తో. అందరి చర్మం మీదా, వెంట్రుకల కుదుళ్లలో ఉండే క్రిమి అది. వెన్ను ఆపరేషన్ తర్వాత డిస్కులో చేరితే నెమ్మదిగా ముదురుతుంది. జ్వరం ఉండకపోవచ్చు, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ కూడా మామూలుగానే రావచ్చు.

సూదితో డిస్కులోంచి తీసిన ముక్కలో ఆ క్రిమి పెరిగిందనుకుందాం. సూది దిగింది చర్మం గుండానే కదా, క్రిమి అక్కడిదే కావచ్చు! తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటుంది. సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్నచోటా లేనిచోటా ఉండే హేతువు దేన్నీ నిరూపించదు. అందుకే విడివిడిగా తీసిన రెండు మూడు ముక్కల్లో అదే క్రిమి రావాలి, కణజాల పరీక్షలో ఇన్ఫెక్షన్ గుర్తులు కనిపించాలి, ఎమ్మారై వాటితో పొసగాలి.

కల్చర్‌లో, అంటే ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, క్రిమి పెరగకపోతే? ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనలేం. ఉంటే కనబడే వీలుండాలి. మీమాంసకుడైన కుమారిల భట్టు అనుయాయులు దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. కల్చర్‌ను మామూలుగా 5 రోజులకే ముగిస్తారు. ఆక్సిజన్ లేనిచోట పెరిగే ఈ క్రిమికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. 5వ రోజున వచ్చే ‘పెరుగుదల లేదు’ అన్న రిపోర్టు చీకటి గది సాక్ష్యమే. ఉట్నూరు ఏజెన్సీ గూడెం నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు చేరేలోపే రోగి ఏదో ఒక యాంటీబయాటిక్ వాడి ఉంటే ఆ చీకటి మరింత చిక్కనవుతుంది.

పేరు తప్పితే వైద్యం దారి తప్పుతుంది. వెన్ను క్షయకు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి మందులు వాడాలి. డిస్కులోని మామూలు బ్యాక్టీరియాకు చాలావరకు 6 వారాల యాంటీబయాటిక్ సరిపోతుంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, సెప్సిస్ ఉన్నా ముక్క కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలి. ఆ ప్రమాదాలు లేనప్పుడు మాత్రం ముక్క తీసేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దు. ల్యాబుకు పంపే కాగితం మీద రోగి అంతకుముందు వాడిన మందుల పేర్లు, ‘అనరోబిక్ కల్చర్, 14 రోజులు ఉంచాలి’ అన్న మాట తప్పక రాయాలి.