సమాధి యొద్ద మాటలాడవలసినవారు

దేశములు తిరిగి బాధితులకు సేవచేసిన మనుష్యుడు కన్నుమూసినప్పుడు, ఆయనను గూర్చి సాక్ష్యము చెప్పు హక్కు ఎవరిది? భిలాయి ఉక్కు నగరములోని మరోదాలో నివసించు తెలుగు విశ్వాసులకు ఇది దూరపు ప్రశ్న కాదు. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందము వలన అచ్చటి కర్మాగారము వెలసినది. పనికొరకు అట్టి ఊరు చేరిన కుటుంబములో మరణము సంభవించినయెడల, స్వగ్రామమునుండి బంధువులు రైలు దిగునప్పటికే భూస్థాపన ముగిసిపోవచ్చును. పెట్టెకు భుజమిచ్చువారు ప్రక్క క్వార్టర్సువారే. మృతుని దినచర్య ఎరిగినవారును వారే గదా!

రక్తసంబంధము, సహవాసము, కీర్తి అను మూడింటిలో ఏది ముందు నిలువవలెనో డేవిడ్ లివింగ్‌స్టన్ భూస్థాపన చక్కగా చూపుచున్నది. వైద్యుడును, బానిస వ్యాపారపు ఘోరమును లోకమునకు తెలిపినవాడునైన ఆయన 1873 మే 1న, నేటి జాంబియాలోని చితాంబో గ్రామమున మరణించెను. ఆఫ్రికా సహచరులు ఆయన గుండెను అచ్చటనే చెట్టుక్రింద పాతిపెట్టిరి. దేహమును ఎండబెట్టి, గుడ్డలోను చెట్టుబెరడులోను చుట్టి, వెయ్యి మైళ్లకు పైగా మోసికొని సముద్రతీరము చేరిరి. మార్గమధ్యమున ఒక ఆంగ్లేయ అధికారి ఇక్కడనే పాతిపెట్టుడని చెప్పినను వారు వినలేదు.

1874 ఏప్రిల్ 18న లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఘనమైన మర్యాదలతో సమాధి కార్యక్రమము జరిగెను. మోసినవారిలో అచ్చట నిలిచినవాడు జేకబ్ వెయిన్‌రైట్ ఒక్కడే. దాస్యమునుండి విడిపింపబడిన ఈ యౌవనుడు మన దేశములోని నాసిక్ మిషను పాఠశాలలో చదివినవాడు. ఏండ్ల తరబడి ఆయన వెంట నడచిన చుమా, సూసీలు ఇంగ్లాండు చేరునప్పటికి అంతయు ముగిసియుండెను.

అబ్బేలో చూపిన గౌరవము వ్యర్థమని దీని భావము కాదు. అయితే పొగడ్తలో ఒక అపాయమున్నది: పొగడినవాడు తన అప్పు తీరినదని తలంచి ఇంటికి పోవును. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు మేడగదిలో నిలిచినవారు విధవరాండ్రు. వారు ఉపన్యసించలేదు, ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపిరి. ఆమె ఎన్ని ఊళ్లు చూచెనో లేఖనము చెప్పదు. మన సంఘములలో సంతాప సందేశములు, బిరుదుల పట్టిక, చేసిన ప్రయాణముల లెక్క ముందు చదువబడును. సహాయము పొందిన వృద్ధురాలు గుమ్మము యొద్దనే నిలిచిపోవును. ఈ క్రమమును తిరుగవేయుట సంఘపెద్దలకు అసాధ్యమా? ఆమెకు రెండు నిమిషములు చాలును.

తెలుగు సంఘమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1876–78 నాటి ఘోర క్షామములో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. ఆయన 1910లో అమెరికాలోని రోచెస్టరులో కన్నుమూసెను. ఆ కాలువలో మట్టితట్టలు మోసిన కుటుంబములకు ఆయన పెట్టెకు భుజమిచ్చు భాగ్యము సముద్రముల ఆవలనే ఉండిపోయెను.