ఎవరికోసం ఎవరాగాలి?

న్యాయం అంటే ఏమిటంటే పుస్తకాల్లో చాలా జవాబులున్నాయి. కె.కె.లైను మీది చిన్న స్టేషన్లలో నాకా ప్రశ్న ఇంకోలా వినబడుతుంది: ఎవరికోసం ఎవరాగాలి?

కె.కె.లైనంటే కొత్తవలస – కిరండూల్ లైను. బైలదిల్లా ఇనపఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకి పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ దశకంలోనే తూర్పుకనుమల్ని తొలిచి ఈ లైను వేశారు. 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. ఇంత కష్టమూ రాయి కోసమే. మనుషులు తర్వాత ఎక్కారు.

టైడా, చిమిడిపల్లి, కరకవలస. ఒకే పట్టా ఉన్నచోట ఎదురుబండి వస్తే ఒకటి పక్కకి తప్పుకోవాలి. నేను చూసినంతలో చాలాసార్లు తప్పుకునేది పాసింజరే. చింతపండు మూటలు, కొండచీపుర్లు కాళ్లదగ్గర పెట్టుకుని సంతకెళ్లే ఆడవాళ్లు అలా కూర్చునే ఉంటారు. ఓసారి నేను విసుక్కుంటుంటే పక్కనున్న ముసలమ్మ, "ఇనపరాయి ఎల్లిపోనీ బాబూ, అదెల్లినాకే మన బండి" అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకు భయమేసింది అందుకే.

ఆ గొంతు నాకు తెలుసు. మాది శృంగవరపుకోట వైపు ఓ మాలపేట. ఎవరో దయతలచి చేదతో నీళ్లు పోసేదాకా మా మామ్మ నూతి దగ్గర కుండతో నిలబడేది. కూలి డబ్బుల కోసం మా అయ్య ఆసామి అరుగు కింద నిలబడేవాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. స్కాలర్‌షిప్పు కాగితం కోసం నేనూ ఓ ఆఫీసు వరండాలో రోజులకి రోజులు నిలబడ్డాను. 1901లో మసూర్ స్టేషన్లో బండి దిగిన చిన్నపిల్లవాడు అంబేడ్కర్, కులం పేరు చెప్పగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోక అక్కడే ఉండిపోవాల్సొచ్చింది. ముట్టుకోకపోవడం ఒక్కటే అంటరానితనం అనుకుంటాం. నీ పొద్దుకి విలువ లేదనడం కూడా అంటరానితనమే.

కొండదొర మిత్రుడొకడున్నాడు, నాలాగే పంతులు. ఈ మాటంటే నవ్వాడు. "ఇనుము లేకపోతే అసలీ రైలెక్కడిది మాస్టారూ? ఆస్పత్రికెలా ఎల్దుం?" అన్నాడు. నిజమే. కొట్టిపారేసే మాట కాదు. రైలొచ్చాక బతికిన ప్రాణాలున్నాయి.

కానీ మా అమ్మ కోతలయ్యాక పరిగె ఏరేది. ఆ గింజలతో మా కడుపులు నిండాయి. కడుపు నిండిందని పరిగె హక్కైపోయిందా? ఆసామి వద్దంటే చేలో కాలు పెట్టగలదా? రాయి కోసం వేసిన లైను మీద మనుషులకి దొరికిన బండీ పరిగె లాంటిదే.

మా బాధా, వాళ్ల బాధా ఒకటేనని అనను. మాకు భూమి లేదు. వాళ్లకి భూమి ఉంది, దాని మీద మాట చెల్లదు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ల నుంచే పుట్టింది. మా అమ్మ పరాయి చేలో ఏరింది. వీళ్ల చేత సొంత చేలోనే పరిగె ఏరిస్తున్నారు.

2017లో ఈ దారికి అద్దాల పెట్టె వచ్చింది, కొండల్ని చూడ్డానికి. చూడనీండి, అందమైన కొండలే. కానీ అద్దంలోంచి కొండ కనబడినంత సులువుగా, మూటతో నిలబడ్డ మనిషి కనబడదు.

ఇప్పుడు రెండో లైను పనులు జరుగుతున్నాయి. ఎదురుచూపు తగ్గితే సంతోషమే. అయినా నా విద్యార్థులకి ఒక ప్రశ్న నేర్పుతున్నాను. ఏ బండి ఎక్కడ ఆగాలో, ఎంతసేపాగాలో తేల్చే చోట చిమిడిపల్లి మనిషికి కుర్చీ ఉందా? ఆ కుర్చీ అడగడం దురాశ కాదు. అది పడేదాకా, బండి ఎంత తొందరగా కదిలినా, ఆ ముసలమ్మ ఇంకా ఆగి ఉన్నట్టే లెక్క.