రేపు చూద్దాంలే

మన ఇళ్లలో ఎవరైనా పోతే, దినవారాలకు ఎంతమందికి వండాలో పూటలో తేలిపోతుంది. పోయినాయన పేరున్న భూమి ఎవరి పేరు మీదికి మారాలో మాత్రం ఏళ్లు గడిచినా తేలదు. ఎందుకండీ అంటే అందరూ ఆఫీసుల మీదికి నెడతారు. నేనూ అలాగే నెట్టాను, చాలాకాలం.

మా నాయిన 2021లో పోయారు. దేవరకొండ అవతల మా ఊళ్లో ఆయన సంపాదించిన ఆరెకరాలు, అందులో సగం బత్తాయి తోట. వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ తమ్ముడికీ నాకూ సమాన వాటాలు. ఈ సంగతి నాకు తెలియంది కాదు. (అత్తింటివారు తెలియనివ్వకుండా ఉంటారా!) అప్పట్లో విరాసత్ కావాలంటే వారసులందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాల్సి ఉండేది. నెలమాసికం కాగానే తమ్ముడు కాగితం తెచ్చాడు. మూడెకరాలు అమ్మకట, మూడు తనకట.

"ఒక్క సంతకం పెట్టక్కా. తాసిల్దార్ ఆఫీసుకు పోయొస్తే అయిపోతది."

"కండ్లనీళ్లన్నా ఆరలేదు, అప్పుడే భూముల ముచ్చటేందిరా?" అన్నాను.

వాడు తలొంచుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూచున్న చుట్టాలు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అది దుఃఖం కాదు. నాకు వాటా కావాలి. అడిగితే ఆడపిల్లకు ఇంత ఆశా అంటారు. వదులుకుందామంటే లోపల కలుక్కుమంటోంది. ఈ రెంటి మధ్యా "రేపు చూద్దాంలే" అన్నది ఎంత మర్యాదైన మాటో చూడండి! దాన్ని అడ్డం పెట్టుకుని రెండేళ్లు మంచిదాన్నయ్యాను. ఆశపడటం తప్పా, ఆశను మంచితనం కింద దాచిపెట్టడం తప్పా? మీరే చెప్పండి.

ఇంతకన్నా పెద్ద ఆలస్యాలు లేకపోలేదు. 1948లో నిజాం ప్రభుత్వం సొమ్ము సుమారు పది లక్షల పౌండ్లు లండన్ బ్యాంకులో చిక్కుకున్నాయి. ఇండియాకూ నిజాం వారసులకూ చెందుతాయని అక్కడి కోర్టు తేల్చింది 2019 అక్టోబరులో. అప్పటికి మనవలే ఎనభైలకు చేరారు. అయితే ఆ సొమ్ము బ్యాంకులో ఉండి మూడున్నర కోట్ల పౌండ్లయింది. బత్తాయి చెట్టు అలా కాదు గదా.

పట్టా ఎవరి పేరా లేదు కనుక మాకు రైతుబంధు రాలేదు. ఎకరానికి అయిదువేల లెక్కన నాలుగు పంటలకు 1,20,000 రూపాయలు. పంట అప్పు తిరగరాయలేదు. బోరు ఎండితే ఇంకోటి వేయించడానికి అమ్మ గొలుసు కుదువ పెట్టిందట. అదీ పడలేదు.

2023 ఎండాకాలంలో వెళ్తే పొయ్యి పక్కన బత్తాయి కట్టెలు పేర్చి ఉన్నాయి. నాయిన బిందెలతో నీళ్లు పోసి పెంచిన చెట్లు.

"నీళ్లందక ఎండినయ్ బిడ్డా," అంది అమ్మ. సంతకం మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి తమ్ముడితో అనేశాను. "నాకు రెండెకరాలు కావాల్రా."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గీ మాట అప్పుడే అంటే అయిపోవు గదక్కా," అన్నాడు. కోపమొచ్చిందో, తేలికపడ్డాడో ఇప్పటికీ నాకు తెలీదు. కొత్త కాగితం రాయించుకొచ్చాడు, సంతకాలయ్యాయి.

మరదలు మాత్రం తెల్లారి చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, నా మొహం చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.