అవ్వను గౌరవించుట

ఇంటికి పెద్దదిక్కైన అవ్వ గతించిన తరువాత జ్ఞాపకార్థ కూడికలో ఎన్నో మంచి మాటలు చెప్పుదుము. బ్రతికియుండగా ఆమె మాట వినకపోతే అది గౌరవమగునా?

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నవి. ఇంట తెలుగు, బడిలో తమిళము. వలస కథలు పెద్దల నోటనే నిలిచినవి. ఇడైసెవల్ గ్రామస్థుడైన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలను తమిళమున వ్రాసినప్పుడు, ఆ వలస కథను మంగత్తాయారు అను ముదుసలి చేతనే చెప్పించిరి. కల్పిత పాత్రయే గాని, ఆమెకు వినువారున్నారు.

మనమో, “చెప్పినదే చెప్పును” అని విసుగుకొందుము. చదువుకొన్నవారము మరి ఎక్కువగా. ఆమె వంటను మెచ్చుదుము గాని, కరువు ఏట ఆ పొయ్యి ఎట్లు వెలిగెనో అడుగము. అడిగిన యెడల మన పెద్దల కాఠిన్యము కూడ బయటపడును గదా! అయినను అడుగవలెనని మేమందుము. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఒక పూట ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమె తల్లి పేరైనను అడిగి వ్రాసికొనుడి.