సంశయమున నిలుచుట

పరీక్షిన్మహారాజునకు ఏడు దినముల గడువు తెలిసినది. తక్షకుని కాటు తప్పదనియు, అది ఏడవనాడే జరుగుననియు శృంగి శాపమువలన ఆయన నిశ్చయముగా ఎఱిగెను. రాజ్యమును జనమేజయునకు అప్పగించి, గంగాతీరమున ప్రాయోపవిష్టుడై, శుకమహర్షి ముఖమున భాగవతమును వినెను. ఈ కథను మనము బాల్యమునుండి వినుచున్నాము; విన్నప్పుడెల్ల ఆ మహారాజు ధైర్యమునకు అబ్బురపడుచున్నాము. కాని ఆయనకు గల ఒక సౌకర్యమును మనము గుర్తింపము. ఆయనకు గడువు తెలియును. తెలిసినదానికి మనస్సును సిద్ధపరచుకొనుట కష్టమే. అయినను దారి యొకటే కనుక కాలు తడబడదు. ‘‘రావచ్చును, రాకపోవచ్చును, వచ్చినను ఎప్పుడో చెప్పలేము’’ అని విన్నవాని మాట యేమి? అట్టివాడు గంగాతీరమునకు పోవలెనా, ఇంట కూర్చుండి మనుమని బడిజీతము లెక్క చూచుకొనవలెనా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో తగులలేదు. ఖరగ్‌పూర్‌లో తగిలినది.

వంగదేశమున మేదినీపురము చెంతనున్న ఆ రైల్వే పట్టణము తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్రజనులు ఉద్యోగములకై వచ్చి అచట స్థిరపడిరి. గోల్‌బజారులోను, నిమ్‌పురాలోను తెలుగు మాట చెవిని పడును. మాతాపూజల దినములలో ఘటములతో సాగు ఊరేగింపును చూచినవానికి తాను బెంగాలులో నున్నట్లు తోచదు. ఆ పట్టణమున ‘ట్రాఫిక్’ అనునది ఒక రైల్వే వాడ. ఆ పేరు విని బండ్ల రద్దీని తలచుకొనరాదు. రైళ్ళ రాకపోకలను నడుపు శాఖకు రైల్వేవారి వాడుక పేరు అది. ఆ వాడలో ఒక సాయంకాలము భగవద్గీతలోని స్థితప్రజ్ఞ లక్షణములను గూర్చి ప్రసంగించితిని. జనులు వెడలిపోయిన పిమ్మట ఒక పెద్దమనిషి మిగిలెను. డెబ్బది యేండ్లవాడు, గూడ్సు బండ్లపై గార్డుగా పనిచేసి విశ్రాంతి గైకొనినవాడు. (ఆ ఉద్యోగమునకు 2022లో ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చిరి. ఆయన మాత్రము తాను గార్డుననియే చెప్పుకొనును.)

ఆయన సంచిలోనుండి ఒక చిన్న పుస్తకమును తీసి చూపెను. ఉద్యోగకాలమున బండి వివరములను వ్రాసిన అలవాటు చొప్పున గీతలు గీచి, తేదీలు వేసి, ప్రతి తేదీకి ఎదుట ఒక అంకె వ్రాసియుండెను. మూడేండ్ల క్రిందట ఆయనకు ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు కలదని తేలినది, కిరణచికిత్స జరిగినది. పిమ్మట రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. అను అంకె తగ్గుచు తగ్గుచు 0.4కు దిగినది. తరువాతి పరీక్షలో 0.9. దాని తరువాత 1.6. చివరి అంకె క్రింద రెండు గీతలు గీచియుండెను.

‘‘స్వామీ! ఇప్పుడు మీరు సమత్వమును గూర్చి చెప్పితిరి. ఈ అంకె పెరుగుచుండగా సమత్వ మెట్లు?’’ అని ఆయన అడిగెను.

నిజము చెప్పవలెనన్న, నా యొద్ద సిద్ధముగా నున్న సమాధానములు ఆయనకు పనికిరావని అప్పుడే నాకు తోచినది. కావున ముందుగా ఆ అంకె యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుటలేదో ఆయన వైద్యుడు చెప్పిన మాటలనుబట్టి ఇరువురమును కూర్చుండి పరిశీలించితిమి. పాఠకులలోను ఇట్టి పుస్తకములు దాచుకొనినవారు ఉందురు కనుక ఆ సంగతి కొంత విపులముగా వ్రాయుచున్నాను.

పి.ఎస్.ఎ. అనునది ప్రోస్టేటు గ్రంథికణములు తయారుచేయు ఒక మాంసకృత్తు. వీర్యమును పలుచన చేయుట దాని సహజమైన పని. అందులో స్వల్పభాగము రక్తములో చేరును. అది విషము కాదు, రోగమును కాదు. ఆ జాతి కణములు దేహమున ఎచ్చటనో పనిచేయుచున్నవనుటకు గుర్తు మాత్రమే. అమెరికా ప్రభుత్వము ఈ పరీక్షను 1986లో మొదట అంగీకరించినది కొత్తగా రోగమును కనిపెట్టుటకు కాదు, రోగమున్నదని తేలినవారిని కనిపెట్టి యుండుటకే. రోగమును పసిగట్టుటకు దీని సాయము గొనవచ్చునని అంగీకరించినది 1994లో. శస్త్రచికిత్సచే గ్రంథినే తీసివేసినవారికి ఈ అంకె దాదాపు శూన్యమునకు దిగవలెను. మిల్లీలీటరు రక్తమున 0.2 నానోగ్రాములకు చేరి, మరల చేసిన పరీక్షలోను అట్లే ఉన్నచో, రోగము తిరిగి తలయెత్తుచున్నదని వైద్యులు తలతురు. కిరణచికిత్స పొందినవారి సంగతి వేఱు. వారికి గ్రంథి దేహముననే ఉండును. అంకె నెమ్మదిగా దిగును. దిగిన కనిష్ఠస్థానమునుండి 2 నానోగ్రాములు పైకి పోయినప్పుడే రోగము మరలినట్లు లెక్కింతురు. 2005లో ఫీనిక్సు నగరమున కూడిన నిపుణులు ఈ కొలతను నిర్ణయించిరి. అంతేకాదు, వీరిలో కొందరికి చికిత్స తరువాతి తొలి సంవత్సరములలో అంకె కొంత పైకి లేచి, ఏ మందును లేకయే తిరిగి దిగుట కద్దు. మన గార్డుగారి గీత 2.4 వద్ద నున్నది. ఆయన 1.6 వద్ద నుండెను. గీత దాటలేదు, గీతవైపు నడచుచున్నమాట నిజము.

ఇక పెరుగుట అంతయు ఒక్క తీరు కాదు. అంకె మూడు మాసములలో రెట్టింపగుట వేఱు, సంవత్సరము దాటినను రెట్టింపు కాకుండుట వేఱు. మొదటిది వడిగల రోగమునకు గుర్తు. రెండవదానితో అనేకులు ఏండ్లకొలది జీవించుచున్నారు. జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1999లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. శస్త్రచికిత్స పిమ్మట అంకె పెరిగినవారికి, రోగము ఇతర స్థానములలో కనబడువరకు వేఱు చికిత్స చేయక, వారిని కనిపెట్టి చూచిరి. అంకె పెరిగిన నాటినుండి రోగము అట్లు వ్యాపించి కనబడుటకు పట్టిన కాలమునకు మధ్యమము ఎనిమిదేండ్లు. ఆ పిమ్మట మరణమునకు మధ్యమము ఐదేండ్లు. నాటికంటె నేడు ఔషధములును, చిన్న మచ్చలను సైతము చూపు యంత్రములును పెరిగినవి. అయినను ఈ లెక్కలు ఒక సమూహమును గూర్చి చెప్పునవే. ట్రాఫిక్ వాడలోని ఈ ఒక్కని గూర్చి అవి ఏమియు చెప్పలేవు.

వేగము తెలియవలెనన్నచో ఒక్క పరీక్ష చాలదు. మఱికొన్ని పరీక్షలు, వాని నడుమ కొన్ని మాసములు కావలెను. అనగా ఇచట కాలమే పరీక్షాసాధనము. ‘‘మూడు మాసములు ఆగి రండు’’ అని వైద్యుడు చెప్పుట అశ్రద్ధ కాదు. అంకె తక్కువగా నున్నప్పుడు యంత్రము ఏమియు చూపకపోవచ్చును. మగతనపు రసములను అణచు మందులు తొందరపడి మొదలుపెట్టినచో ఎముకలు బలహీనపడుట, ఒంట ఆవిరులు, నిస్సత్తువ ఆరంభమగును. అట్లని ఆగుటయే ఒక వ్రతముగా పట్టరాదు. శస్త్రచికిత్స పిమ్మట అంకె పెరిగినవారికి కిరణచికిత్స అవసరమైనచో, అంకె స్వల్పముగా ఉండగానే చేసినది హెచ్చు ఫలించును. అచట ఆలస్యమే దోషము. వైద్యుని మాటపై ఆగుట యొకటి. చూచుటకు భయపడి ఆగుట మఱియొకటి. వెలుపలివారికి ఈ రెండును ఒకే తీరుగా కనబడును. ఆగినవానికి మాత్రము భేదము తెలియును.

ఇంతవరకు వైద్యము. ఇక ఆయన అడిగిన ప్రశ్న.

సంశయమునకు మన న్యాయశాస్త్రమున ఒక దృష్టాంతము ప్రసిద్ధము. మునిమాపువేళ దూరమున ఏదో నిలువుగా కనబడుచున్నది. అది మోడో, మనిషియో తెలియుటలేదు. ఎత్తు ఉన్నది, చేతులవలెను కొమ్మలవలెను ఏవో ఉన్నవి. ఒకే వస్తువుపై రెండు విరుద్ధమైన తలంపులు త్రాసు ముల్లువలె ఊగుచున్నవి. ఇది సంశయము. త్రాటిని చూచి పామనుకొనుట ఇది కాదు. అది విపర్యయము, అనగా తప్పుగా నిశ్చయించుట. మనవారు ఏ భయమును చూచినను త్రాడు-పాము దృష్టాంతమునే తెచ్చి ముందు పెట్టుదురు. గార్డుగారి బంధువులును అట్లే చేసిరి. ‘‘ఏమియు లేదు, అంతయు భ్రమ, దేవుడు చూచుకొనును’’ అనిరి. వారి ప్రేమను నేను శంకింపను. కాని ఇట్టి ఓదార్పు వేదాంతము కాదు. దీపము లేకయే చెప్పిన జోస్యము. అచట నున్నది త్రాడే యని వారికెట్లు తెలియును?

పగటివేళ బంధువులు దానిని మోడు చేయుచుండగా, రాత్రివేళ ఆయన దానిని కత్తి పట్టిన మనిషిని చేయుచుండెను. రెండు జాములకు మెలకువ వచ్చును. అంకె ఐదగును, పదియగును, ఎముకలలోనికి పోవును. పింఛను కాగితములు ఎక్కడ నున్నవో భార్యకు తెలియదు గదా యని గుండె కొట్టుకొనును. ఆలోచించి చూచినచో బంధువులును ఆయనయు చేసిన పని యొక్కటే. వెలుతురు రాకముందే సంశయమును ముగించివేసిరి. ఊగుచున్న ముల్లును చూచుచు నిలుచుట మనస్సునకు మిక్కిలి దుర్భరము; దుర్వార్తనైనను నిశ్చయముగా పట్టుకొనుట దానికంటె సుఖమని తోచును. భయపడువాడు అందఱికంటె ఎక్కువ నిశ్చయము గలవాడు. ఇది నేను ఆ రాత్రి నేర్చినది.

పతంజలి యోగమునకు తొమ్మిది విఘ్నములు చెప్పినాడు. అందు మొదటిది వ్యాధి, మూడవది సంశయము. ఈ రెంటిని ఆయన వేఱువేఱుగా లెక్కించుట గమనింపదగినది. రోగము ఉన్నచోట సంశయము లేకపోవచ్చును. రోగము ఉన్నదో లేదో తెలియనిచోట సంశయమే పూర్తి రోగమువలె మనిషిని తినివేయవచ్చును. ఇంకను రాని దుఃఖమును తొలగింపదగినదిగా ఆయన మఱియొకచోట చెప్పినాడు. మనము చేయునది దీనికి తలక్రిందులు: రాని దుఃఖమును బయానా యిచ్చి ముందుగా ఇంటికి తెచ్చుకొందుము. అది వచ్చినను రాకున్నను ఆ బయానా తిరిగి రాదు. పై అంకెలలో మొదటిదానికిని మూడవదానికిని నడుమ గార్డుగారు ఎన్ని రాత్రులు మరణించిరో ఆ పుస్తకమున వ్రాయలేదు.

ఇట్టి సందర్భములందు శ్రీ రమణమహర్షి మాట తలపునకు వచ్చుట సహజము. ఆయన ఎడమచేతి కంతిని 1949 ఫిబ్రవరిలో తీసివేసిరి. అది మరల పెరిగెను. ఆ సంవత్సరాంతములోగా మొత్తము నాలుగు మారులు శస్త్రచికిత్స జరిగినది. 1950 ఏప్రిల్ 14వ తేదీన ఆయన దేహము చాలించెను. ఆయన వైద్యమును కోరలేదు, కాదనలేదు. పలువురు వైద్యులను వారివారి పద్ధతులు చేయనిచ్చెను. కాని ఈ మాటను నేను గార్డుగారితో అనలేదు. భయపడుచున్న గృహస్థు ముందు జ్ఞాని శాంతిని కొలబద్దగా నిలుపుట, ఆయనకు తప్పుటకై మఱియొక పరీక్షను ఇచ్చుటయే యగును. ఒక పరీక్ష చాలును.

దానికి మారుగా ఒక ప్రశ్న అడిగితిని: ‘‘మూడవ ఫలితము ఇంటిలో అమ్మగారితో చెప్పితిరా?’’

‘‘లేదు స్వామీ, భయపడును.’’

‘‘ఆమె అడుగలేదా?’’

‘‘మొదటి రెండు మారులు నేను గుమ్మము దాటకముందే అడిగినది. ఈ మారు అడుగలేదు. మరచినట్లున్నది.’’

రెండు మారులు గుమ్మమువద్దనే అడిగిన ఇల్లాలు మూడవమారు మరచునా? ఆయన ముఖమును చూచి ఆమె తనంతట తాను తీర్పు చెప్పుకొనియుండును. అదియు మిక్కిలి చీకటిదే అయియుండును. 1.6 అను అంకె చెప్పనందున ఆమెకు తెలియకుండ పోయినది దుఃఖము కాదు, దాని కొలత మాత్రమే. సత్యము చెప్పుట యన్నచో నిశ్చయములను మాత్రమే చెప్పుట యని మనము తలతుము. తెలియనిదానిని తెలియనిదిగానే, దాని పరిమాణముతో సహా చెప్పుటయు సత్యమే. అది మఱింత కష్టమైన సత్యము. ‘‘ఏమియు లేదు’’ అనరాదు. ‘‘అంతయు అయిపోయినది’’ అనరాదు. ‘‘1.6 వచ్చినది, 2.4 దాటినచో చూతుమన్నారు, మూడు మాసములకు మరల రమ్మన్నారు’’ అని యీ మూడు వాక్యములు చెప్పుట కెంతసేపు? ఇరువురు నిలిచి చూచుచున్నప్పుడు మోడు మోడుగానో, మనిషి మనిషిగానో త్వరగా కనబడునని చెప్పజాలను. అప్పటివరకు ఒక్కడు చీకటిలో నిలువనక్కఱలేదు.

ఆయన చాలసేపు మాటాడలేదు. ఆ నడుమ స్టేషను వైపునుండి బండి కూత వినబడెను. పిమ్మట, ‘‘స్వామీ! పసుపు దీపమునకు మాకొక నియమము కలదు,’’ అనెను. ‘‘పసుపు చూచి బండి ఆపరాదు. చూడనట్లు వేగముగ పోరాదు. తరువాతి సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధపడి నడుపవలెను.’’

నేను ఉత్సాహముతో, ‘‘అక్కడికి చేరువేళకు అది పచ్చగా మారియుండవచ్చును గదా!’’ అంటిని.

ఆయన తల అడ్డముగా ఊపెను. ‘‘పచ్చయో, ఎఱుపో ఊహించుట నడుపువాని పని కాదు. వాని పని వేగము చూచుకొనుట.’’

నా ఓదార్పులోను తొందర యున్నదని అప్పుడు తెలిసినది. నేనును బంధువులవలె మోడు వైపునకే మ్రొగ్గితిని.

మఱునాటి ప్రసంగమునకు ఆయన భార్యతో కూడ వచ్చెను. ఆమె ప్రశ్నలేమియు అడుగలేదు. వెడలునప్పుడు పుస్తకము ఆమె చేతిసంచిలో నుండెను. తరువాతి పరీక్ష దసరా వెళ్ళిన మఱుసటి వారము. ఈ మారు తానును ఆసుపత్రికి వత్తునని చెప్పినది.