లారీ బరువు, నేరం బరువు

మోయగలిగినదానికి మించి సరుకెత్తిన లారీ రోడ్డుమీద వొరిగి మనుషులు చనిపోయినపుడు, ఆ చావులకు బాధ్యులెవరు? యీ ప్రశ్నకు పోలీసు స్టేషనులో వొక జవాబు సిద్ధంగా వుంటుంది: డ్రైవరు. మన సభలలో మరొక జవాబు సిద్ధంగా వుంటుంది: వ్యవస్థ. మొదటి జవాబు అన్యాయమని మనకు తెలుసు. రెండవది కూడా చాలదని చెప్పడం యీ వ్యాసం వుద్దేశం.

నీతిచర్చ నేల విడిచిన సాము కాకూడదు గనుక ముందు వ్యవహారాన్ని చూద్దాం. రవాణాలో ‘ఫుల్ లోడు’ అంటే లారీ మొత్తం వొకే ఆసామి సరుకు. సిమెంటు ఫాక్టరీనుంచి గోడౌనుకు గాని, గుంటూరు మిర్చి యార్డునుంచి రేవుకు గాని, ఆకివీడు, కైకలూరు చెరువుల చేపలను ఐసులో పెట్టుకొని హౌరాకు గాని, యెక్కించిన చోటినుంచి దించే చోటుదాకా మధ్యలో మరొకరి సరుకు కలవదు. కిరాయి బ్రోకరాఫీసులో ఖాయమవుతుంది. అయితే ఖర్చులో పెద్దభాగం ట్రిప్పును బట్టి వుంటుంది: టోలు, డ్రైవరు భత్తెం, ఫైనాన్సు కిస్తీ. డీజిలు కూడా బరువు పెరిగినంతగా పెరగదు. కనుక చట్టం అనుమతించిన బరువుపైన వేసిన ప్రతి టన్నూ దాదాపు వుత్త లాభంగా కనబడుతుంది.

యెవరికి లాభం? మొదట, యెక్కువ వేసుకున్న లారీ యజమానికే. కాని పక్క లారీవాడు వూరుకోడు. అతడూ అంతే వేస్తాడు. పోటీలో టన్ను కిరాయి దిగుతుంది. కొన్నాళ్లకు, అధికభారం వేస్తేనే గిట్టుబాటయ్యే రేటు బజారు రేటవుతుంది. అప్పుడు చట్టప్రకారం లోడు కట్టినవాడికి నష్టం మిగులుతుంది. లాభం కిరాయి తగ్గుదల రూపంలో సరుకు యజమానికి చేరిపోతుంది. ప్రమాదం మాత్రం లారీలోనే వుండిపోతుంది.

రోడ్డు సంగతి కూడా యింతే. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో జరిగిన పరీక్షలు, రోడ్డుకు కలిగే నష్టం యిరుసు బరువుకు సుమారుగా నాలుగవ ఘాతంలో పెరుగుతుందని తేల్చాయి. అంటే 20 శాతం అధికభారం రోడ్డును రెట్టింపు నలుపుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ప్రజలది.

చట్టం లేదా అంటే, వుంది. 1988 మోటారు వాహనాల చట్టం నడిపినవాణ్ణే కాక నడిపించినవాణ్ణీ, నడపనిచ్చినవాణ్ణీ కూడా దోషులుగానే చూస్తుంది. జరిమానా కట్టించుకొని అదే బరువుతో లారీని సాగనంపడం చెల్లదనీ, అదనపు సరుకు దించవలసిందేననీ 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో ప్రభుత్వం నాలుగు టైర్ల యిరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నులనుంచి 11.5 టన్నులకు పెంచింది. 2019 సవరణతో జరిమానా 20,000 రూపాయలయింది. ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. గీత జరిగింది, శిక్ష పెరిగింది. గీత దాటమని తరిమే పోటీ వున్నచోటనే వున్నది. తనిఖీలో కాటా యెక్కేది లారీ. సరుకు యజమాని యెక్కడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని సామెత. యిక్కడ దొరికేవాడు వొకడు, దొర మరొకడు.

చట్టాలు సరుకును యెట్లా చూశాయి, మనిషిని యెట్లా చూశాయి అన్నది కూడా గమనించదగినది. రవాణాలో సరుకు పోతే, రవాణాదారు నిర్లక్ష్యాన్ని సరుకు యజమాని రుజువు చేయనక్కరలేదని 1865 చట్టమే చెప్పింది. పనిలో చనిపోయిన కార్మికుని కుటుంబానికి, యజమాని తప్పు రుజువు చేయకుండానే పరిహారమడిగే హక్కు 1923లోగాని రాలేదు. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 చట్టం నిర్ణయించింది. కాని అయిదుగురైనా పనిచేసే సంస్థలకే అది వర్తించింది. ఆ చట్టాన్ని కలుపుకొన్న 2020 కోడు ఆ సంఖ్యను పదికి పెంచింది. వొక లారీ, వొక డ్రైవరు, వొక క్లీనరు వున్నచోట చట్టం గుమ్మం బయటే ఆగిపోతుంది. ఐసు కరిగేలోగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దాటవలసిన చేపల లారీలో గంటలు లెక్కించేది యెవరు?

ఇది కొత్త కథ కాదు. ‘కాపిటల్’ మొదటి సంపుటంలో, పనిదినాన్ని గురించిన అధ్యాయంలో, మార్క్సు వొక రైలు ప్రమాదాన్ని ప్రస్తావిస్తాడు. గార్డు, ఇంజను డ్రైవరు, సిగ్నల్‌మన్ జ్యూరీ ముందు నిలబడి, తమచేత 14, 18, 20 గంటలు, కొన్ని సమయాలలో 40, 50 గంటలు యెడతెరిపి లేకుండా పని చేయించారని చెప్పుకున్నారు. జ్యూరీ వారిమీద నరహత్యానేరం మోపింది. రైల్వే యజమానులకు వొక మెత్తని సలహా యిచ్చి వూరుకున్నది. రైలు పోయి లారీ వచ్చింది. ఆ తీర్పులోని తర్కం మారలేదు.

“డ్రైవరు వొప్పుకున్నాడుగదా” అని వాదించేవారున్నారు. వొప్పుకోకపోతే ఆ తాళంచెవి మరొకరి చేతికిపోతుంది. కాదనడానికి తావులేనిచోట వొప్పుకోలుకు నీతివిలువ యెంత? చేయగలిగినదాన్నే చేయవలసిందని అడగడం న్యాయం.

అయితే యిక్కడ ఆగి, నేరమంతా వ్యవస్థది అనేస్తే యేమవుతుంది? వ్యవస్థ లోడింగు చీటీమీద సంతకం పెట్టదు. మనుషులు పెడతారు. తన గేటు దగ్గర, తన కాటామీదే లారీని తూచి పంపిన ఫాక్టరీవారు, యెంత బరువు పోయిందో తెలియదనడానికి వీలులేదు. తెలిసి, ఆపగలిగి, ఆపనివాడు వ్యవస్థ వెనుక దాక్కోవడానికి మన మాటే చాటవుతున్నది. పైగా, డ్రైవరుకు యే బాధ్యతా లేదంటే అతణ్ణి స్టీరింగుకు తగిలించిన మరొక పరికరంగా చూస్తున్నామన్నమాట. యజమాని అతణ్ణి చూసేదీ అట్లాగే.

అందుచేత కొలమానం వొకటి కావాలి. తెలిసినంత మేరకు, మార్చగలిగినంత మేరకు బాధ్యత. ఆ లెక్కన పెద్దభాగం సరుకు యజమానిది, తర్వాత బ్రోకరుది, ఆపైన లారీ యజమానిది. వొకే లారీ, నెత్తిన కిస్తీ వున్న యజమానికీ, వంద లారీల కంపెనీకీ భాగం వొకటి కాదు. మామూలు పుచ్చుకొని లారీని వదిలినవాడి భాగం వేరే చెప్పాలి. చౌకగా వచ్చిన సిమెంటుతో యిల్లు కట్టుకున్న మనకూ యెంతో కొంత వుంది.

చివరి భాగం డ్రైవరుది. అది చిన్నది, కాని సున్న కాదు. యెదురుగా వచ్చే సైకిలు మనిషి ప్రాణం అతని చేతిలోనే వున్నది. వొంటరిగా “యీ బరువు కట్టను” అంటే అతనికి ఆ పూట పని పోతుంది. బ్రోకరాఫీసు ముందున్న లారీలవాళ్లంతా కలిసి అంటే, బరువు దిగుతుంది, కిరాయి నిలబడుతుంది. నిన్న చేయలేనిది రేపు చేయగలిగినదవుతుంది. దానితోపాటు చేయవలసిందీ అవుతుంది. కార్మికసంఘం కూలి పెంచుతుందని మనం తరచు చెబుతాం. మనిషి కాదనగల శక్తిని, అంటే నీతిమంతుడు కాగల అవకాశాన్ని కూడా అది పెంచుతుందని అంతగా చెప్పం. అది వుపాధ్యాయులూ, విద్యార్థులూ చెప్పవలసిన మాట. సరుకు యజమాని పేరు కూడా నేరపత్రంలో యెక్కాలని అడగవలసిందీ వారే.